పల్లెకు చేరిన పండితుని పాట

ఆరాధనలో కీర్తన నంబరు చెప్పగానే పుస్తకం తిప్పుతాం, పల్లవి అందుకుంటాం. రాగం పేరు, తాళం పేరు, ఆ కీర్తన రాసినవారి పేరు సన్నని అక్షరాల్లో అక్కడే ఉంటాయి. వాటిని చదివేవారు తక్కువ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అలా మళ్లీ మళ్లీ కనిపించే పేరు పురుషోత్తము చౌధరి. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అనే తేడా లేకుండా ఆ పుస్తకం పట్టుకునే సంఘాలన్నీ ఆయన పాటలు పాడుతున్నాయి. ఆయనెవరో, ఎక్కడివాడో, ఏం పోగొట్టుకుని ఆ పాటలు రాశాడో తెలిసిన విశ్వాసులు మాత్రం సంఘానికి ఇద్దరు ముగ్గురుంటే గొప్ప.

చౌదరి అనగానే మన జిల్లాలవాళ్లు వేరే కులం అనుకుంటారు. ఈయన బెంగాలీ బ్రాహ్మణుడు. వంగదేశం నుంచి వలస వచ్చిన కుటుంబంలో, అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా తర్లా ప్రాంతంలోని మదనపురంలో 1803 సెప్టెంబరు 5న పుట్టాడు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. పురుషోత్తముడంటే పూరీ జగన్నాథుడు. పూరీకి పురుషోత్తమ క్షేత్రమని పేరు. పిల్లవాడు ఎవరి భక్తుడుగా పెరగాలని ఆ ఇంటివాళ్లు కోరుకున్నారో పేరులోనే ఉంది.

అది మూడు భాషలు కలిసే నేల. ఇంట్లో బెంగాలీ వాసన, వీధిలో ఒరియా, తెలుగు రెండూ. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లిందిగానీ, చౌదరి కాలంలో అదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆయన తెలుగు, ఒరియా, సంస్కృతం చదువుకున్నాడు. పురాణాలు, శతకాలు, పదాలు, కీర్తనలు చెవిన పడుతూనే పెరిగాడు. తంజావూరు దగ్గర తిరువయ్యారులో త్యాగరాజు పాడుతున్న రోజులవి. చౌదరికి 43 ఏళ్లు వచ్చేదాకా, అంటే 1847 జనవరి దాకా, ఆ మహానుభావుడు బతికే ఉన్నాడు. తెలుగు కీర్తన తన పూర్ణ యౌవనంలో ఉన్న కాలంలో మన కవి పుట్టాడని గుర్తుంచుకుంటే తర్వాతి కథ బాగా అర్థమవుతుంది.

సువార్త తెలుగునేలకు అప్పటికి కొత్త కాదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ మద్రాసులో ఉండి 1720ల చివర్లోనే బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నాడు. 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డే గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన అచ్చులో ఉంది. 1820ల్లో మద్రాసు, బళ్లారి నుంచి చిన్న చిన్న తెలుగు పుస్తకాలు ఊళ్లమీద పడ్డాయి. సంతలో పంచేవారు, బాటసారి చేతిలో పెట్టేవారు. చాలావరకు పొట్లాలు కట్టుకోవడానికి పనికివచ్చి ఉంటాయి. ఒకటి మాత్రం పురుషోత్తమ చౌదరి చేతికి వచ్చింది. ఆయన దాన్ని చదివాడు. అప్పటికి ముప్పై ఏళ్లు రాబోతున్న గృహస్థు. భార్య పేరు రాధామణి.

చదివినది నచ్చి ఊరుకోలేదు, నచ్చక పారేయనూ లేదు. అడగాల్సినవి అడగడానికి మనిషి కావలసివచ్చింది. శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే ఆంగ్లేయ మహిళ దగ్గరకు వెళ్లాడు. శాస్త్రం చదివిన బ్రాహ్మణ పండితుడు ఒక పరదేశపు స్త్రీ దగ్గర లేఖనాలు తెలుసుకోవడానికి కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మన సంఘ చరిత్రలు మిషనరీ దొరల పేర్లు పటం కట్టి పెడతాయి. ఈమె పేరు ఒక వాక్యంలో దాటిపోతుంది. తెలుగు క్రైస్తవ కీర్తనకు తొలి తలుపు తీసింది ఆమె అని నేను అంటాను.

అక్కడి నుంచి దారి కటకానికి పట్టింది. మహానది ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో ఇంగ్లండు బాప్టిస్టులు 1822 నుంచి పనిచేస్తున్నారు. శ్రీకాకుళం నుంచి అది మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ తీరంలో రైలు పట్టాలు పడింది చౌదరి చనిపోయిన తర్వాత; కాలినడకో, బండో, పల్లకీయో తప్ప దారి లేదు. 1833 అక్టోబరు 6న చార్లెస్ లేసీ అనే మిషనరీ చేతుల మీదుగా ఆయన బాప్తిస్మం పొందాడు.

ఆ సంవత్సరం ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. కృష్ణా, గుంటూరు సీమల్లో నందన కరువు జనాన్ని ఊడ్చుకుపోతున్న సమయం. అదే ఏడాది, సంఘంలో కులభేదం ఉండరాదని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలకు ఉత్తరువు పంపాడు. తంజావూరు, మద్రాసు సంఘాలు అల్లకల్లోలమయ్యాయి. తరతరాలుగా క్రైస్తవులై కూడా ఆరాధనలో వేర్వేరు చోట్ల కూర్చున్నవారు, ఒకే గిన్నెలో ప్రభువు బల్ల తీసుకోవడానికి జంకినవారు గుంపులుగా విడిపోయారు. తమిళ క్రైస్తవ కీర్తనలకు పితామహుడైన వేదనాయక శాస్త్రి అంతటివాడు ఆ వివాదంలో కులాచారం వైపు నిలబడ్డాడు. ఆ మహాకవి మీద గౌరవం తగ్గించుకోకుండానే ఈ మాట చెప్పవచ్చు. అదే కాలంలో, ఉత్తరాన, బ్రాహ్మణ్యాన్ని ఇంకా ఒంటిమీద మోస్తున్న ఒక తెలుగు పండితుడు దాన్ని విడిచి నీళ్లలో దిగాడు.

విడవడమంటే ఏమిటో ఈ తరానికి వివరించాలి. వెలి వేస్తే ఊరి బావి లేదు, బంధువుల విస్తరి లేదు, చచ్చిపోతే మోసే నలుగురు లేరు. ఆస్తి సంగతి ఇంకా ఘోరం. మతం మారినవాడికి, కులం పోయినవాడికి పిత్రార్జితంలో హక్కు పోకూడదని చట్టం వచ్చింది 1850లో. దానికి 17 ఏళ్ల ముందే చౌదరి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజున ఆయనకు చట్టం కాపుదల కూడా లేదు. అన్నిటికంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. రాధామణి ఆయనతో రాలేదు. వెలివేయబడ్డ భర్త వెంట వెళ్లే ఆడది తన తల్లిదండ్రులనూ పోగొట్టుకోవాలి. ఆమెను తప్పుపట్టే అర్హత మనకు లేదు. తరవాత ఆమె వచ్చింది. వచ్చి, తానూ అదే విశ్వాసం స్వీకరించి, ఆయన పక్కన నిలిచింది. ఈ మధ్యకాలం ఆ ఇద్దరికీ ఎలా గడిచిందో ఊహించడానికి మనకు ఆయన కీర్తనలే దారి. రక్షించమని మొరపెట్టే పాటలు ఆయన రాసినవాటిలో బలమైనవి. సంస్కృతంలో నన్ను రక్షించు అని అర్థం వచ్చే త్రాహిమాం అనే పిలుపుతో మొదలయ్యే కీర్తన మన సంఘాల్లో తెలియనివారు లేరు. ఆ పిలుపు ఏ ఆపదా ఎరగని మనిషి నోట పుట్టింది కాదు.

సువార్తికుడుగా, బోధకుడుగా ఆయన గంజాం, శ్రీకాకుళం సీమల్లో ఎన్నో ఏళ్లు తిరిగాడు. వచనంలోనూ విస్తారంగా రాశాడు. నిస్తారరత్నాకరము, ముక్తిమార్గ ప్రదర్శనము, కులాచార పరీక్ష ఆయన గ్రంథాల్లో కొన్ని. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అవి పండితులతో వాదించడానికి పండితుడు రాసినవి. కులాచార పరీక్ష అని పేరు పెట్టి పుస్తకం రాసే హక్కు, తన కులాన్ని ముందుగా వదిలివచ్చినవాడికే ఉంటుంది. అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఖండన గ్రంథాల ఆయుష్షు తక్కువ. ఎదుటివారి మతంలో లోపాలు ఎంచే ఆ ధోరణి ఆ శతాబ్దంలో అన్ని వైపులా ఉంది, ఇవాళ దాన్ని ఎవరూ కోరుకోరు, కోరుకోకూడదు కూడా. ఆ పుస్తకాలు గ్రంథాలయాల్లో చిలక్కొయ్యకు తగిలించిన పాత కోటులా ఉండిపోయాయి. బతికినవి సుమారు 130 కీర్తనలు.

అవి ఎందుకు బతికాయి? ముందుగా ఆయన ఎంచుకున్న రూపం. పాశ్చాత్య మిషనరీలు తమతో తమ దేశపు కీర్తనల పుస్తకాలు తెచ్చుకున్నారు. వాటిని తెలుగు మాటల్లో పెట్టి, అదే ఇంగ్లీషు వరుసలో పాడించడం తేలిక పని. అలాంటివి మన పుస్తకంలో ఇప్పటికీ బోలెడున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కాని ఇంగ్లీషు వరుసలో అక్షరాల ఒత్తు ఒక చోట పడుతుంది, తెలుగు మాట ఒత్తు ఇంకొక చోట పడుతుంది. హ్రస్వం దీర్ఘమవుతుంది, దీర్ఘం నలిగిపోతుంది. పాడుతున్నవాడికి ఏం పాడుతున్నాడో అందదు. చౌదరి ఆ దారి పట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలుగా తాళ్లపాక అన్నమయ్య నుంచి క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్యల దాకా నడిచివచ్చిన బాటలోనే నడిచాడు. మన ఏడుకొండల కింద పుట్టి పెరిగినవారికి అన్నమయ్య పేరు చెబితే చాలు, పల్లవి ఎందుకు మళ్లీ మళ్లీ రావాలో విడమరచనక్కర్లేదు. చరణం ఒక్కడు పాడతాడు, పల్లవి పదిమందీ అందుకుంటారు. ఒక్కడు చెప్పిన మాట పదిమంది సాక్ష్యమవుతుంది. ఆరాధనకు ఇంతకంటె అమరిన పద్ధతి నాకు తెలియదు.

రెండోది భాష. కరుణ, శరణు, భక్తి, ముక్తి, పాపనాశనం, అవతారం - ఇవన్నీ తెలుగువాడి నాలుక మీద ఉన్న మాటలు. వాటిని క్రీస్తుకు అన్వయిస్తే కొందరు సందేహించారు. అవతారమంటే అనేక అవతారాల్లో ఒకటనుకోరా అని ప్రశ్న. ప్రశ్న సరైనదే. మన కీర్తనకారులు చేసిన పని ఏమిటంటే, మాటను పారేయకుండా, దాని పక్కన సిలువను నిలబెట్టారు. ఒక్కసారే వచ్చి, ఒక్కసారే చనిపోయి, లేచినవాడి కథ చెప్పాక ఆ మాటకు కొత్త అర్థం దానంతటదే వచ్చింది. యోహాను సువార్తలోని వాక్కు అనే మాటకు గ్రీకులో జరిగింది కూడా ఇదే. ఆర్.ఆర్. సుందరరావుగారు తెలుగు కీర్తనల్లోని భక్తి వేదాంతం మీద పరిశోధన చేసి 1983లో గ్రంథం వెలువరించేదాకా దీన్ని శాస్త్రీయంగా పట్టించుకున్నవారు తక్కువ. నేను చదివిన సెమినరీలో లూథర్ జర్మన్ కీర్తనల మీద, వెస్లీ సోదరుల మీద పాఠాలు విన్నాం, పరీక్షలు రాశాం. పర్లాకిమిడి మనిషి పేరు ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు.

ఇదే కాలంలో జరిగిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. పడమటి దేశపు ఫిడేలు అప్పుడే మన సంగీతంలోకి వచ్చింది. మద్రాసులో ఆంగ్లేయుల దగ్గర వాయించడం నేర్చుకున్న బాలుస్వామి దీక్షితులు, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు, దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచాడు. మనవాళ్లు నేలమీద కూర్చుని, వాద్యాన్ని గుండెకు, పాదానికి మధ్య నిలిపి, తీగల శ్రుతి మార్చుకుని, గమకాలు పలికించారు. నూరేళ్లు తిరిగేసరికి విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది విదేశీ వాద్యమంటే ఎవరూ నమ్మని స్థితికి వచ్చింది. బయటినుంచి వచ్చినదాన్ని మన శ్రుతిలోకి తెచ్చుకోవడం మనకు చేతనైన విద్య. ఫిడేలుకు దీక్షితులు చేసినది, సువార్తకు చౌదరి చేశాడు. తేడా ఒకటుంది. ఫిడేలు పట్టినందుకు దీక్షితులవారిని ఎవరూ వెలివేయలేదు.

ఇక మూడో సంగతి. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి పెద్దది. చౌదరి పాటలు రాసింది పండితుని భాషలో. సంస్కృత సమాసాలు కూడా దొర్లుతాయి. ఆయన మనసులో శ్రోతలు తనలాంటి చదువుకున్నవారే అయి ఉండవచ్చు. ఆయన పాటలను అందుకున్నవారు మాత్రం వేరు. 1840లో శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. 1842లో హేయర్ గుంటూరు వచ్చాడు. 1865లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున మిలియస్ సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టాడు. మా గూడూరు, నాయుడుపేట సంఘాల వేళ్లు ఆ పనిలోనే ఉన్నాయి. 1878 జులై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల జనం. వారికి అక్షరం రాదు, రానిచ్చినవారు లేరు. బైబిలు చేతికిస్తే చదవలేరు. కాబట్టి వాక్యం వారికి పాటగా అందింది. పొలం పని ముగిసి, గంజి తాగి, చీకటి పడ్డాక పల్లెలో గుడిసె ముందు కూర్చునేవారు. ఉపదేశి ఒక పాదం పాడితే పల్లె తిరిగి పాడేది. నెల తిరిగేసరికి కీర్తన మొత్తం కంఠస్థం. సృష్టి, పతనం, సిలువ, పునరుత్థానం, పాప క్షమాపణ - ప్రశ్నోత్తరాల పుస్తకం చెప్పేదంతా వారు తాళం వేస్తూ నేర్చుకున్నారు.

ఒక్క క్షణం ఆలోచించండి. చౌదరి పుట్టిన ఇంటి ఆచారం ప్రకారం ఆ పల్లెలవారి నీడ సోకకూడదు. సంస్కృత శబ్దం వారి చెవిన పడకూడదు, నోట పలకకూడదు. అదే సంస్కృత శబ్దాన్ని, అదే ఇంటి బిడ్డ కూర్చి ఇస్తే, నాగలి పట్టిన మాదిగ తాత, నాట్లు వేసే మాల అవ్వ గొంతెత్తి పాడారు. ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయ్యేది. సమాసం ఎక్కడ విరుగుతుందో అందరికీ తెలియకపోవచ్చు. తప్పేముంది? ఎవరి సొత్తో తాళంవేసి దాచుకున్న మాటలు వారి సొత్తయ్యాయి. కులాచార పరీక్ష అనే పుస్తకం వాదించి సాధించలేనిది, ఆ రాత్రి భజన ఏ వాదం లేకుండా చేసింది.

కొందరు యువకులు నన్ను అడుగుతుంటారు, బ్రాహ్మణ కవుల పాటలు మనమెందుకు పాడాలి, మన పల్లెల నుంచి వచ్చిన జానపద వరుసలు చాలవా అని. అడగవలసిన ప్రశ్నే. దప్పు మీద పుట్టిన పాటలకు గుడిలో చోటు దక్కడానికి చాలా ఆలస్యమైంది, అది మన సంఘాల తప్పు. వాటిని తెచ్చుకోవాల్సిందే. అయితే చౌదరి పాటలను ఒక కులం ఖాతాలో తిరిగి జమ చేయడం సరికాదు. ఆ కులం ఆయన్ను వదిలేసింది. ఆయన పాటలను నూట యాభై ఏళ్లు కాపాడి, బిడ్డ పుడితే, పెళ్లయితే, మనిషి పోతే పాడుకుంటూ వచ్చింది పల్లెలే. ఇప్పుడవి ఎవరివి అని అడిగితే, పల్లెలవి అనే నేను జవాబు చెబుతాను.

1890 ఆగస్టు 23న పురుషోత్తమ చౌదరి ప్రభువునందు నిద్రించాడు. మరికొద్ది రోజుల్లో 87 నిండేవి. బాప్తిస్మం తీసుకుని అప్పటికి దాదాపు 57 ఏళ్లు. వెలివేయబడినవాడి వెనక ఊళ్లకు ఊళ్లు పాడే సంఘం ఉంది.

ఆయన వదిలివెళ్లిన ఆస్తిలో సగమే అచ్చులో ఉందన్నది నన్ను కలవరపెట్టే విషయం. మన చేతుల్లో ఉండే మామూలు ప్రతుల్లో కీర్తన మాటలుంటాయి, రాగం పేరు, తాళం పేరు ఉంటాయి; స్వరాలుండవు. వరుస పెద్దల గొంతులోనే ఉంది. తండ్రి పాడితే కొడుకు, ఉపదేశి పాడితే పిల్లలు నేర్చుకున్నారు. ఈ గొలుసు ఇప్పుడు తెగుతోంది. ఆదితాళం, అటతాళం ఏది వచ్చినా ఒకే కీబోర్డు దరువు మీద లాగించేస్తున్నాం. నెమ్మదిగా సాగాల్సిన పశ్చాత్తాప కీర్తన చప్పట్ల పాటయి కూర్చుంటోంది. పుస్తకంలో రాగం పేరు ఒకటి, నోట ఉన్న వరుస ఇంకొకటి. ఊరు మారితే అదీ మారుతుంది. పల్లె సంఘాల్లో డెబ్బై ఎనభై ఏళ్ల అవ్వలు, తాతలు కొందరు ఇంకా పాత వరుసలో పాడగలరు. కళ్లు కనిపించకపోయినా, పుస్తకం అక్కర్లేకుండా, ఏడు చరణాలూ తప్పు లేకుండా పాడతారు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోనుంది. ఆదివారం ఆరాధన ముగిశాక వారి పక్కన ఓ అరగంట కూర్చుని, ఆ వరుస రికార్డు చేసుకునేవారు సంఘానికి ఒకరు కావాలి.